మిన్నెసోటా చలిలో కుక్కతో స్కీయింగ్‌కి వెళ్ళాలంటే

ఈ ఏడాదే మిన్నియాపొలిస్ వచ్చామని, రెండేళ్ళ లాబ్రడార్ ఇంట్లో కట్టేసినట్టు ఉండలేక సోఫాలు కొరికేస్తోందని, మంచులో దాన్ని తిప్పొచ్చా, స్కీజోరింగ్ (స్కీల మీద ఉన్న మనిషిని కుక్క తాడుతో లాగే ఆట) మీ వల్ల అవుతుందా అని అడిగారు. తప్పకుండా అవుతుందండీ. మేం సెయింట్ పాల్‌లో ఉంటాం, మాదీ లాబ్రడారే. చలికాలం వస్తే మా శనివారాలన్నీ దానివే. స్కీలు కొనే తొందర మాత్రం వద్దు. ముందు దాని పాదాలు చూడండి, తర్వాత దానికి లాగడం నేర్పండి, స్కీలు ఆఖరున.

పాదాల గురించి ఎందుకు ఇంత నొక్కి చెప్తున్నానంటే, కుక్క మధ్యలో ఆగిపోయేది ఎక్కువగా వాటి వల్లే. చలి మరీ ఎక్కువ లేని రోజు, అంటే 30 ఫారెన్‌హీట్ దగ్గర, మంచు తడిగా ఉండి వేళ్ళ మధ్య వెంట్రుకలకి పట్టుకుంటుంది. నాలుగడుగులు వేసేసరికి శనగగింజలంత గడ్డలు కడతాయి. కుక్క ఒక కాలు పైకెత్తి నిలబడుతుంది, లేదా దారి మధ్యలో కూర్చుని పాదం కొరుక్కుంటుంది. ఆ గడ్డల్ని పీకకండి, వెంట్రుకలతో పాటు చర్మమూ లాగుతుంది. గ్లవ్ తీసి పాదాన్ని అరచేతిలో కాసేపు పట్టుకుంటే కరిగి జారిపోతాయి. వారానికోసారి ఆ వెంట్రుకల్ని పాదం మెత్తలతో సమంగా కత్తిరించి, బయల్దేరే ముందు పాదాలకి రాసే మైనం పట్టిస్తే సగం బాధ తీరుతుంది. మాదానికి ముషర్స్ సీక్రెట్ అనే మైనం బాగా పడింది. గడ్డకట్టి గరుకుగా ఉన్న మంచు మీదైతే గుడ్డ బూటీలు తొడగండి. మొదట్లో కాళ్ళు ఎత్తెత్తి నడుస్తుంది, ఇంట్లోనే తినుబండారాలు పెడుతూ అలవాటు చేయాలి. రోడ్డు మీద చల్లిన ఉప్పు పాదాల్ని మండిస్తుంది, నాకితే కడుపులోకీ పోతుంది. ఇంటికి రాగానే గోరువెచ్చని నీళ్ళతో కడిగి, వేళ్ళ మధ్య తుడవండి.

చలి లెక్కకి ఉష్ణోగ్రత ఒక్కటే చూస్తే చాలదు. 0 ఫారెన్‌హీట్‌లో గంటకి 15 మైళ్ళ గాలి వీస్తే ఒంటికి మైనస్ 19లా తగులుతుంది, సెల్సియస్‌లో మైనస్ 28. అలాంటి రోజు మేం వీధి చివరి దాకా వెళ్ళి వచ్చేస్తాం, అంతే. చెవుల కొసలకీ తోక కొసకీ ముందు దెబ్బ తగులుతుంది. వణికినా, కాళ్ళు మార్చి మార్చి ఎత్తినా, కారు వైపు తిరిగి చూసినా ఆ రోజుకి చాలు. లాగేటప్పుడు దానికి వేడి కూడా పుడుతుంది, దాహం వేస్తుంది. మంచు తిన్నంత మాత్రాన దాహం తీరదు. చల్లటి నీళ్ళు ముట్టకపోతే చికెన్ ఉడికించిన నీళ్ళు గోరువెచ్చగా ఫ్లాస్కులో పట్టుకెళ్ళండి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ వేయకూడదు. మన కూర కోసం వండిన దాంట్లోంచి తీసి మాత్రం పోయకండి, ఉల్లి కుక్కలకి విషం.

ఇక లాగడం. ఇన్నాళ్ళూ మీరే దానికి లాగొద్దని నేర్పి ఉంటారు. అందుకే లాగడానికి వేసే హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీల జీను) వేరేగా ఉండాలి, అది వేస్తేనే లాగాలని దానికి తెలియాలి. తాడు మెడ దగ్గర కాదు, వీపు వెనక భాగంలో తగిలించేది తీసుకోండి. మొదట స్కీలు లేకుండా నడుస్తూ నేర్పండి, ఇంట్లో ఒకరు ముందు నడిచి పిలిస్తే త్వరగా అర్థమవుతుంది. ఇక్కడివాళ్ళు కుడికి జీ, ఎడమకి హా అంటారు. మేం ఇంట్లో తెలుగే కాబట్టి పద, ఆగు, కుడి, ఎడమ అనే అంటాం, చక్కగా వింటుంది. అన్నిటికన్నా ముఖ్యమైన మాట ‘వదిలెయ్’. ఎదురుగా ఉడత, ఇంకో కుక్క కనిపించినప్పుడు మిమ్మల్ని కాపాడేది అదే.

స్కీలు వేసుకునే ముందు కుక్క లేకుండా వాలులో ఆగడం మీకు వచ్చి ఉండాలి. అంచులకి ఇనుప పట్టీ ఉన్న స్కీలు వద్దు, దాని కాళ్ళు కోసేస్తాయి. బెల్టు నడుముకి కాకుండా తుంటి మీద కూర్చోవాలి, 8–10 అడుగుల సాగే తాడు, లాగగానే ఊడిపోయే కొక్కెం ఉండాలి. మీరూ స్కీ చేయాల్సిందే, కుక్క సాయం పడుతుంది అంతే. ఇదంతా ఎక్కువనిపిస్తే స్నోషూలు (మంచులో కూరుకుపోకుండా బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు) వేసుకుని పక్కన నడవండి, మా ఆవిడకి అదే ఇష్టం.

చోటు విషయానికొస్తే, మీకు థియొడోర్ వర్త్ పార్కు దగ్గర. అక్కడ కూడా కుక్కల్ని అన్ని దారుల్లోకీ రానివ్వరు, మొదట్లో ఉన్న బోర్డు చదవండి. పాదాల గుర్తులు పడితే స్కీల కోసం వేసిన గాడులు పాడవుతాయి, స్కీ చేసేవాళ్ళకి కోపం వస్తుంది, ఆ కోపం న్యాయమైనదే. పాస్ కూడా కావాలి. రాష్ట్రం ట్రెయిల్స్‌కి 16 ఏళ్ళు నిండినవాళ్ళకి గ్రేట్ మిన్నెసోటా స్కీ పాస్, నగరం పార్కులకి వేరే. చెరువుల మీదికైతే నీళ్ళు గడ్డకట్టిన గట్టి, కొత్త మంచుగడ్డ కనీసం 4 అంగుళాల మందం ఉండాలని రాష్ట్ర అధికారులే చెప్తారు. కుక్క ముందు పరిగెత్తితే దాని వెనక వెళ్ళేది మీరే కదా, అనుమానం ఉంటే ఒడ్డునే ఉండండి. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకుతుంది, మెడకి లైటు పట్టీ వేయండి.

మీదానికి రెండేళ్ళు నిండాయి కాబట్టి ఎముకల ఎదుగుదల అయిపోయి ఉంటుంది. అయినా లాబ్రడార్లకి తుంటి కీళ్ళ జబ్బు మామూలే, హార్నెస్ కొనే ముందు ఒకసారి వెట్‌కి (పశువుల డాక్టరుకి) చూపించండి. ఛాతీ చుట్టుకొలత, మెడ చుట్టుకొలత, బరువు ఇక్కడ రాస్తే ఏ సైజు సరిపోతుందో చెప్తాను.