న్యూయార్క్‌లో జిప్సీ క్యాబ్ ఎక్కితే ప్రమాదమా?

న్యూయార్క్‌లో లైసెన్సు లేని ట్యాక్సీలను జిప్సీ క్యాబ్‌లు అంటారట, ఎక్కితే ప్రమాదమా అని అడిగారు. క్వీన్స్‌లో కాపురం ఉన్నదాన్ని కాబట్టి గట్టిగా చెప్తాను: ఆ పేరు విని డ్రైవర్ని దొంగలా చూడకండి. అసలు ఆ పేరే బాగాలేదు, జిప్సీలని పిలిచే రోమా అనే జాతి జనాన్ని ఊరికే మధ్యలోకి లాగుతుంది.

ఫోన్లలో యాప్‌లు రాకముందు ఎల్లో క్యాబ్‌లు ఎక్కువగా మాన్‌హట్టన్‌లోనూ, ఎయిర్‌పోర్టుల దగ్గరా తిరిగేవి. మాన్‌హట్టన్‌లో చెయ్యెత్తితే అద్దం కాస్త దించి, డోర్ లాక్ తియ్యకుండానే ఎక్కడికని అడిగేవాళ్లు. క్వీన్స్ అనగానే వెళ్లిపోయేవాళ్లు. ఊళ్లోని ఐదు బరోల్లో, అంటే మాన్‌హట్టన్, క్వీన్స్ లాంటి ఊరి భాగాల్లో, ఎక్కడికైనా రానంటే రూల్స్‌కి విరుద్ధం. ఎన్నిసార్లు ఒళ్లు మండిందో!

ఒక జనవరి రాత్రి మా పాపకి జ్వరం 104 దాటింది. బయట మంచు. దుప్పటి చుట్టుకుని రోడ్డు మీదికొచ్చాం. ఒక నల్ల లింకన్ టౌన్ కార్ రెండుసార్లు లైట్లు కొట్టి పక్కన ఆగింది. మీటర్ ఉండదు, మామూలుగా ముందే బేరం తేల్చుకుని ఎక్కాలి. ఆయన పాప మొహం చూసి రేటు మాటే ఎత్తలేదు. హీటర్ పెంచి, పక్క సీట్లో ఉన్న తన కోటు తీసి వెనక్కిచ్చాడు. ఎమర్జెన్సీ ముందు దిగాక చూస్తే, నంబర్ ప్లేటు 'టీ'తో మొదలై 'సీ'తో ముగిసింది. అంటే టీఎల్‌సీ, అదే ఊళ్లో ట్యాక్సీల్ని చూసుకునే సిటీ సంస్థ, లైసెన్సు ఇచ్చిన బండే! కాకపోతే అలాంటి బండి ముందుగా బుక్ చేసుకున్నవాళ్లనే ఎక్కించుకోవాలి, రోడ్డు మీద చెయ్యెత్తినవాళ్లకి ఆపకూడదు. ఆయన చేసిన నేరం అంతే.

తప్పంతా లైసెన్సులు బిగబట్టినవాళ్లది. 1937 హాస్ చట్టంతో మెడాలియన్ల, అంటే ఎల్లో క్యాబ్ నడపడానికి ఇచ్చే పర్మిట్ల, సంఖ్యకు హద్దు పెట్టారు. ఊరు పెరిగినా అవి పెద్దగా పెరగలేదు, ధర మాత్రం పది లక్షల డాలర్లు దాటింది. అప్పులు చేసి కొన్న డ్రైవర్లు, అందులో మన ఉపఖండం వాళ్లు చాలామంది, ధర పడిపోయాక నిలువునా మునిగిపోయారు. 2021లో సిటీ హాల్ ముందు నిరాహార దీక్ష చేస్తే గానీ వాళ్ల అప్పు తగ్గలేదు. ఇక 2013లో బయటి బరోల కోసం గ్రీన్ క్యాబ్‌లు తెచ్చారు. చెయ్యెత్తినవాళ్లకి ఆపే అదే పని, కారుకి ఆకుపచ్చ రంగేస్తే చట్టబద్ధమైపోయింది. ఆ బుద్ధేదో ముందే ఉంటే ఎంతమంది ఫైన్లు తప్పేవి!

నిజంగా దూరంగా ఉండాల్సింది జేఎఫ్‌కే ఎయిర్‌పోర్టు అరైవల్స్ హాల్లో పక్కకొచ్చి, మెల్లగా ట్యాక్సీ కావాలా అని మీ సూట్‌కేసు అందుకునేవాళ్లకి. సొంత కారులో డబ్బులకి తిప్పుతుంటే, యాక్సిడెంట్ అయినప్పుడు ఇన్సూరెన్స్ ఒప్పుకోకపోవచ్చు. అమ్మానాన్నల్ని పిలిపించుకునేవాళ్లు ఈ సంగతి ముందే చెప్పి పెట్టండి. బయట క్యూలో నిలబడితే ఎల్లో క్యాబ్‌కి మాన్‌హట్టన్ దాకా ఫ్లాట్ రేటు 70 డాలర్లు. టోల్, సర్‌చార్జీలు, టిప్ అదనం.