శ్రీశైలం గేట్లు చూడటానికి పోతున్నాం, కెమెరాకు ఏ రెయిన్ కవర్ కొనాలి?

ఆగస్టులో శ్రీశైలం గేట్లు ఎత్తినప్పుడు పోయి, అటునుంచి అహోబిలం, బెలుం చూసి రావాలనుకుంటున్నారు. కెమెరాకు ఏ కవర్ మంచిదని అడిగారు. ఏదైనా కొనండి, చవకదైనా చాలు. కర్నూల్లో పెళ్ళి ఫొటోలు తీసేవాణ్ణి, నేను చూసినంతలో వానకు పోయిన కెమెరాలు తక్కువ. తడిసిన తర్వాత మనవాళ్ళు చేసే పనులకు పోయినవే ఎక్కువ.

ఒక ఏడు కృష్ణమ్మకు మంచి వరద వచ్చి డ్యాం 885 అడుగులకు నిండింది. గేట్లెత్తితే ఎట్లుంటుందంటే, కింద పడిన నీళ్ళు పొగలా లేచి, గాలి తిరిగినప్పుడల్లా రోడ్డు మీదికి వస్తాయి. పైన మబ్బు లేకపోయినా చొక్కా తడిసిపోతుంది. నా పక్కన అనంతపురం పిల్లోడొకడు కొత్త కెమెరాతో నిలబడి ఉన్నాడు. ఒక్క తుంపర జల్లు కొట్టేసరికి కెమెరా స్క్రీన్ మిణుకుమని ఆరిపోయింది. వాడికి టెన్షన్. ఆన్ చేస్తాడు, ఆఫ్ చేస్తాడు, ఊదుతాడు, మళ్ళీ ఆన్ చేస్తాడు.

"తమ్ముడూ, ఆ స్విచ్ ముట్టాకు. ముందు బ్యాటరీ పీకు" అన్నాను.

"పని చేస్తాందో లేదో చూస్తాండానన్నా" అన్నాడు.

ఆ చూడటమే దాన్ని చంపేది. లోపల తడి ఉండగా కరెంటు పారితే షార్ట్ అవుతుంది, బోర్డు మీది రాగికి చిలుము పడుతుంది. కారు దగ్గరికి తీసుకుపోయి బ్యాటరీ, కార్డు తీయించాను. నూలు తువ్వాలుతో అద్దాను. రుద్దితే నీళ్ళు సందుల్లోకి పోతాయి, అద్దాలంతే. కెమెరాకున్న చిన్న మూతలన్నీ తెరిచి ఉంచి, జల్లు రాని చోట లెన్స్ విప్పి, బాడీని మూతి కిందికి పెట్టాం. వాళ్ళ స్నేహితుడు బియ్యం మూటలో పెడదామన్నాడు. ఈ బియ్యం వైద్యం ఎవరు మొదలుపెట్టారో కానీ, అది పీల్చే తేమ కంటే లోపలికి పోయే పిండే ఎక్కువ. నా దగ్గరున్న తేమ పీల్చే సిలికా జెల్ గింజలు, గట్టి మూత డబ్బా ఇచ్చి, బాగా ఆరేదాకా ఆన్ చేయనని మాట తీసుకుని పంపించాను. తర్వాత ఫోన్ చేశాడు: ఫ్లాష్ పోయింది, మిగతాదంతా బాగుందని.

"వెదర్ సీల్డ్", అంటే వానకు తట్టుకుంటుందని, పెట్టె మీద రాసి అమ్ముతారు కదా, వాటి మీద నాకు చాలా కోపం. బాడీకి సీల్ ఉన్నా, దానితో వచ్చే కిట్ లెన్స్‌కు చాలావాటికి ఉండదు. నీళ్ళు ఆ అతుకు దగ్గరే దిగుతాయి. సర్వీసుకు తీసుకుపోతే లోపలికి నీళ్ళు పోయినదానికి వారంటీ లేదంటారు. ఇంక పెళ్ళిళ్ళలో వసంతాలప్పుడు ముందే చెప్పినా సరే, చెంబు తిరిగేది ఫొటోగ్రాఫర్ వైపే. వరుసైనవాళ్ళ మీద చల్లుకోండయ్యా, మా కెమెరా మీద ఎందుకు?

మనది ఎండల సీమ, తేమ ఎక్కడిది అనుకుంటారు. లాడ్జిలో ఏసీ వేసుకుని పడుకుని పొద్దున్నే కెమెరా బయటికి తీస్తే, చల్లటి గాజు మీద బయటి తేమ నీరవుతుంది. బెలుం గుహల్లోనూ అంతే, లోపల ఉక్క. ఏసీ కారు దిగీ దిగగానే లోపలికి పోతే లెన్స్ మసకబారుతుంది. బ్యాగు జిప్ తీయకుండా ఒక అరగంట బయటి వేడికి అలవాటు పడనివ్వండి. అన్నిటికన్నా ముఖ్యం, తడి కెమెరాను బ్యాగులో పెట్టి జిప్ వేసేయొద్దు. ఆ రెయిన్ కవర్‌ను కూడా తడిగా అదే బ్యాగులో కుక్కొద్దు. తేమ 60 శాతం దాటి అలాగే ఉంటే లెన్స్‌లో బూజు పుడుతుంది, అది గాజు పైపూతను తినేస్తుంది. ఇంటికి రాగానే అన్నీ బయట పెట్టి ఫ్యాన్ వేయండి. నీలం సిలికా జెల్ గులాబీ రంగుకు తిరిగితే దాని పని అయిపోయినట్టే. మళ్ళీ వేడి చేసి వాడుకోవచ్చు కానీ వంటగిన్నెల్లో వద్దు, ఆ నీలంలో ఒంటికి పడని కోబాల్ట్ ఉంటుంది.

ఎగువ అహోబిలంలో జ్వాలా నరసింహుడి దారిలో వానాకాలం కొండ మీది నుంచి నీళ్ళు నెత్తిన పడతాయి. అక్కడ ఏ కవరూ ఆగదు. నోరు మడిచి బిగించే డ్రై బ్యాగులో కెమెరా పెట్టేసి, రెండు చేతులూ ఖాళీగా ఉంచుకుని దాటండి. రాళ్ళు బాగా జారుతాయి.