టీవీ కట్టేశాక పెసలు నానబెట్టండి

ప్రశ్న: మా పాప ఐదో తరగతి. టీ-శాట్ విద్య ఛానల్ పెడితే కదలకుండా చూస్తుంది. సాయంత్రం అడిగితే ఒక్క ముక్క చెప్పదు. టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి, జనగామ

జవాబు: కంగారు పడకండమ్మా. 1975లో ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా పల్లె బడులకు తెలుగులో టీవీ పాఠాలు వచ్చినప్పుడు నేను నాలుగో తరగతి. ఆ పాఠాలు ఇప్పుడు గుర్తులేవు. టీవీ ఆపేసి మా పంతులుగారు మా చేత చేయించిన పనులు మాత్రం గుర్తున్నాయి.

మొలకల పాఠం వచ్చిందనుకోండి. వెంటనే మూడు గిన్నెలు తీయండి. ఒకదానిలో పొడి పెసలు, ఇంకోదానిలో నానబెట్టి తడిగుడ్డలో చుట్టినవి, మూడోదానిలో నిండా నీళ్లలో మునిగినవి. ఏవి బాగా మొలుస్తాయో పాపను ముందే రాయమనండి. గుడ్డ ఆరిపోకుండా తనే చూసుకోవాలి, మొలకలను రోజూ స్కేలుతో కొలవాలి. మునిగినవి ఎందుకు వెనకబడ్డాయని అడుగుతుంది. గాలి సరిగా అందలేదని వెంటనే చెప్పేయకండి, ఒక రోజు ఆలోచించనివ్వండి. నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ ఒక్క రోజే.

ఊహ తప్పితే కొట్టివేయనివ్వకండి. పక్కనే జరిగింది రాయిస్తే చాలు. మీకు తీరిక లేకపోతే వారానికి ఒక్కటి చేయించండి. మొలకలు మాత్రం పాపతోనే తాలింపు వేయించండి, మీరు పొయ్యి దగ్గరే ఉండి.