ఆ పొడుగు బంతిని పిలుస్తున్నది నువ్వే తమ్ముడూ

ప్రశ్న: సార్, మాది కాజీపేట. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నా. మా అన్న ఇచ్చిన పాత లాప్‌టాప్‌లో ఫుట్‌బాల్ మేనేజర్ 2021 ఆడుతుంటాను, జట్టును మనమే నడిపే కంప్యూటర్ గేమ్ అది. ఇంగ్లండ్‌లో లీగ్ టూ, అంటే నాలుగో అంచె. అందులో ఒక చిన్న క్లబ్‌కు మేనేజర్‌ని. మాది పాసింగ్ ఆట, ముందుకెళ్లి ప్రెస్ చేస్తాం, అంటే బంతి వాళ్ల దగ్గరుంటే మీదపడి లాక్కుంటాం. బంతి ఎక్కువసేపు మా దగ్గరే ఉంటుంది. కానీ అవతలి గోలీ ఒక్క తన్ను తంతాడు, వాళ్ల పొడుగు స్ట్రైకర్ తల తగిలిస్తాడు, పక్కవాడు గోల్ కొట్టేస్తాడు. డిఫెన్సివ్ లైన్ (డిఫెండర్లు నిలబడే వరస) కిందికి దించాను, పైకి లేపాను, ఆఫ్‌సైడ్ ట్రాప్ (డిఫెండర్లంతా ఒకేసారి ముందుకు జరిగి, తమను దాటి నిలబడ్డ ఫార్వర్డ్‌ను ఆఫ్‌సైడ్ తప్పులో పట్టే ఎత్తు) పెట్టాను. ఏం చేసినా అదే కథ. రాత్రి రెండింటి దాకా కూర్చున్నా టెన్షన్ తప్ప ఏం మిగలట్లేదు. మా డిఫెండర్ ఒకడికి హెడ్డింగ్ 14 ఉంది కదా, అయినా వాళ్ల చెత్త ఆటకు ఓడిపోతున్నాం. మూడు మ్యాచ్‌ల ఫొటోలు, నా టాక్టిక్స్ పేజీ పంపుతున్నా, చూసి చెప్పండి.

జవాబు: తమ్ముడూ, ఫొటోలు పెద్దవి చేసుకుని రెండుసార్లు చూశాను. గోల్ పడ్డ క్షణాలన్నీ జాగ్రత్తగా పట్టి పంపావు. జబ్బు మాత్రం వాటిలో కాదు, నీ టాక్టిక్స్ పేజీలో కనిపించింది. ‘ప్రివెంట్ షార్ట్ జీకే డిస్ట్రిబ్యూషన్’ పెట్టుకుని ఉన్నావు. అంటే అవతలి గోలీ పక్కనున్న డిఫెండర్‌కు బంతి అందించకుండా నీ ఫార్వర్డ్‌లు అడ్డం నిలబడుతున్నారు. మరి అతనేం చేస్తాడు? దూరం కొడతాడు. అక్కడ వాళ్ల పొడుగు మనిషి కాచుకుని ఉన్నాడు. నిన్ను ముంచుతున్న ఆ బంతిని నువ్వే అడిగి తెప్పించుకుంటున్నావు.

ఆ సూచన చెడ్డదేం కాదు. అవతల పొట్టి ఫార్వర్డ్‌లుంటే కళ్లు మూసుకుని పెట్టు, గాల్లో బంతి నీ స్టాపర్లదే, అంటే నడి డిఫెండర్లదే. టార్గెట్ మ్యాన్, అంటే దూరం నుంచి వచ్చే బంతుల్ని గాల్లో అందుకునే పొడుగు స్ట్రైకర్, ఉన్న జట్టు మీద మాత్రం ముందు దాన్ని తీసెయ్. ప్రెస్ కూడా ఒక మెట్టు తగ్గించు. వాళ్ల స్టాపర్లనే బంతితో ఆడనివ్వు. నాలుగో అంచెలో స్టాపర్లకు పాసింగ్, కంపోజర్ (ఒత్తిడిలో నిబ్బరం) ఎక్కువగా ఉండవు. తప్పులు చేసేది వాళ్లే, ఆ అవకాశం వాళ్లకివ్వు.

ఆఫ్‌సైడ్ ట్రాప్ ఎందుకు పనిచేయలేదో కూడా చెప్తాను. ఫుట్‌బాల్ నియమాల ప్రకారం గోల్ కిక్ నుంచి నేరుగా వచ్చిన బంతిని అందుకుంటే ఆఫ్‌సైడ్ లేదు. త్రో-ఇన్‌కూ కార్నర్‌కూ అంతే. గోలీ చేతుల్లోంచి వదిలి తన్నితే ఆఫ్‌సైడ్ ఉంటుంది, నేల మీద పెట్టి గోల్ కిక్ కొడితే ఉండదు. పొడుగువాడు తల తగిలించిన క్షణం నుంచే పక్కవాడికి ఆఫ్‌సైడ్ లెక్క మొదలవుతుంది. పైగా నీ ఇద్దరు స్టాపర్లలో ఒకరికి ‘కవర్’ డ్యూటీ ఇచ్చావు. కవర్ ఇచ్చినవాడు తోటివాడికంటే వెనక నిలబడతాడు. లైన్‌లో ఒకడు రెండడుగులు వెనకుంటే ఆ పక్కవాడు ఆన్‌సైడే కదా! ట్రాప్ కావాలంటే ఇద్దరికీ ‘డిఫెండ్’ పెట్టు. కవర్ కావాలంటే ట్రాప్ తీసెయ్. నీ పరిస్థితిలో నేనైతే ట్రాప్ తీసేసి కవర్ ఉంచుకుంటాను.

ఇక అసలు సంగతికి వస్తాను. నీ స్టాపర్లకు జంపింగ్ రీచ్ ఒకరికి 11, ఇంకొకరికి 12. వాళ్ల స్ట్రైకర్‌కు 17. ఇరవైకి వేసే అంకెల్లో ఇది మామూలు తేడా కాదు. మీవాడికి హెడ్డింగ్ 14 ఉంది కదా అని రాశావు. హెడ్డింగ్ అనేది బంతి తలకు తగిలాక దాన్ని ఎంత బాగా కొడతాడో చెప్తుంది. అసలు బంతి దాకా తల చేరుతుందా అన్నది జంపింగ్ రీచ్ చేతిలో ఉంది. కాబట్టి మొదటి బంతి నువ్వు గెలవవు. గెలవకపోయినా ఫరవాలేదు. రెండో బంతి, అంటే తలకు తగిలి కింద పడే బంతి, ఎవరిదన్నదే నీ ప్రశ్న కావాలి.

నేను సుబేదారిలో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో ఆడి పెరిగినవాణ్ని. స్టాపర్‌గా ఆడేవాణ్ని. మన దగ్గర భారత జట్టు కోచ్ రహీం సాబ్ పేరు తలచుకుంటూ, బంతి కింద ఆడితేనే ఆట అనుకుంటూ పెరిగాం. 1951లో దిల్లీలో, 1962లో జకార్తాలో ఆయన జట్టు ఏషియాడ్ స్వర్ణాలు గెలిచింది కాబట్టి ఆ గర్వం ఉండేది. గాల్లో బంతి అంటే మాకు చిన్నచూపు. ఒక సాయంత్రం కాలనీ జట్టుతో మ్యాచ్. వాళ్ల గోలీ కొట్టిన ప్రతి బంతికీ ఎగిరి తల పెట్టింది నేనే. ఎండ కళ్లలో పడుతున్నా ఒక్కటి కూడా వదల్లేదు. అయినా 3-0తో ఓడిపోయాం. నా తలకు తగిలి పడిన బంతి ప్రతిసారీ వాళ్ల లింక్‌మన్ (మిడ్‌ఫీల్డర్) కాళ్ల దగ్గరే పడింది. అక్కడ మావాడు ఒక్కడూ లేడు, అందరూ నా ఎగురుడు చూస్తూ నిలబడ్డారు.

మర్నాడు మా పీఈటీ సార్ ఏమీ అనలేదు. మడమతో ఎర్రమట్టిలో ఒక గీత గీశారు. ఇద్దరిని ఎగరమన్నారు. మూడోవాడు మాత్రం ఆ గీత దగ్గర, పది అడుగుల ముందు నిలబడాలి. వాడు ఎగరకూడదు, కదలకూడదు, బంతి పడేదాకా ఆగాలి. సార్ సెంటర్ నుంచి తంతూనే ఉన్నారు, చీకటి పడి బంతి కనపడనంతవరకు. మూడోవాడి పని ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. బంతి మీదికి ఉరకాలని కాళ్లు లాగుతుంటాయి.

నీ జట్టులో ఆ మూడోవాడు లేడు. మిడ్‌ఫీల్డ్‌లో ముగ్గురికీ ముందుకు వెళ్లే పనే ఇచ్చావు. ఒకణ్ని డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డ్‌లోకి దించి ‘యాంకర్’ (లంగరు) పాత్ర ఇవ్వు. పేరుకు తగ్గట్టే స్టాపర్ల ముందు నుంచి కదలడు. యాంటిసిపేషన్ (బంతి ఎటు పోతుందో ముందే పసిగట్టడం), పొజిషనింగ్, కాన్సంట్రేషన్ ఈ మూడూ చూసి ఎంచుకో, పాసింగ్ తక్కువైనా సర్దుకో. ఎడమ, కుడి బ్యాక్‌లలో ఒకరినైనా ‘డిఫెండ్’ డ్యూటీలో ఉంచు. ఇద్దరూ పైకి పోతే తలకు తగిలి పక్కకు జారిన బంతికి దిక్కుండదు.

డిఫెన్సివ్ లైన్ దగ్గర చాలామంది పొరబడతారు. పొడుగు బంతి వస్తోందంటే లైన్ దించెయ్యాలనుకుంటారు. టార్గెట్ మ్యాన్ మీద దించితే ఆ తలపోటీ నీ పెనాల్టీ బాక్స్ అంచునే జరుగుతుంది. అక్కడ జారిన బంతి నేరుగా గోల్ మీదికే. అదే స్టాండర్డ్ లైన్‌లో ఉంటే పోటీ ముప్పై గజాల అవతల జరుగుతుంది, వెనక్కి పరిగెత్తడానికి నీకు టైం ఉంటుంది. లైన్ దించాల్సింది డిఫెండర్ల వెనక్కి వేసిన బంతిని ఉరికి అందుకునే చురుకైన ఫార్వర్డ్ ఉన్నప్పుడు. పొడుగువాడు ఒక జబ్బు, ఉరికేవాడు ఇంకో జబ్బు. ఇద్దరూ కలిసి ఉంటే ముందు ఎక్కువ గోల్స్ ఎవరు కొడుతున్నారో చూసి వాడికి మందు వెయ్యి. ఏది చేసినా లైన్ ఆఫ్ ఎంగేజ్‌మెంట్ (నీవాళ్లు ప్రెస్ మొదలుపెట్టే గీత) కూడా దాంతోపాటే కదిలించు. నువ్వు వెనక లైన్ దించి, ముందు ప్రెస్ అలాగే వదిలేశావు. మధ్యలో ఎకరం పొలమంత ఖాళీ. రెండో బంతులన్నీ పడింది అక్కడే, నీ రెండో ఫొటోలో చూడు.

డెబ్బయ్యో నిమిషం తర్వాత అలసిన స్టాపర్‌ను ఉంచకు. కండిషన్ తగ్గినవాడికి 12 కూడా 12లా పనిచేయదు. అవతలివాళ్లు ఇంకో ఫార్వర్డ్‌ను దింపితే నువ్వు మూడో స్టాపర్‌ను దింపు.

జనవరి ట్రాన్స్‌ఫర్‌లలో ఒక్కరినే కొనగలిగితే జంపింగ్ రీచ్, స్ట్రెంగ్త్, బ్రేవరీ ఉన్న స్టాపర్‌ను కొను. వయసు ముప్పై మూడైనా సరే, ఒక సీజన్‌కు చాలు.

ఇంకో మాట. ఉత్తరంలో వాళ్ల ఆటను ‘చెత్త ఆట’ అన్నావు. అలా అనకు. 1988లో వింబుల్డన్ ఎఫ్.ఎ. కప్ ఫైనల్లో లివర్‌పూల్‌ను 1-0తో ఓడించింది. ఆ జట్టుకు పేరొచ్చిందే పొడుగు బంతుల ఆటతో. ప్రతి బంతికీ ఎగిరి, పడి, లేచి మళ్లీ ఎగరడం ఎంత కష్టమో ఎగిరినవాడిగా నాకు తెలుసు.

ప్రశ్న: అన్నా, మాది కరీంనగర్. అదే గేమ్‌లో నా గోలీకి స్వీపర్ కీపర్ (గోల్ వదిలి ముందుకొచ్చి బంతి అందుకునే గోలీ) పాత్ర ఇచ్చాను. వెనక పడిన బంతులు తుడిచేస్తాడనుకుంటే సగం దారిలో ఆగిపోతున్నాడు, వాళ్లు పైనుంచి లాబ్ చేసేస్తున్నారు. ఏం చేయాలి?

జవాబు: పాత్ర ఇచ్చినంత మాత్రాన గోలీ స్వభావం మారదు. అతని ‘రషింగ్ అవుట్’ (గోల్ వదిలి బయటికి ఉరికే గుణం) అంకె చూడు, దాంతోపాటు యాక్సిలరేషన్, డెసిషన్స్, యాంటిసిపేషన్. ఇవి తక్కువగా ఉన్నవాణ్ని బయటికి పంపితే వెళ్లాలా వద్దా అని తేల్చుకోలేక మధ్యలో దొరికిపోతాడు. మామూలు గోల్‌కీపర్ పాత్రకు మార్చి, డిఫెన్సివ్ లైన్‌ను ఒక మెట్టు దించు. గోలీ బయటికి రాడని తెలిసినప్పుడు అతనికీ స్టాపర్లకూ మధ్య దూరం తగ్గించాల్సింది నువ్వే. స్వీపర్ కీపరే కావాలంటే అందుకు తగిన గోలీ దొరికాకే లైన్ మళ్లీ పైకి తీసుకెళ్లు.