రేడియో పెడతావట కదా

చిట్టీ,

"నీ బిడ్డ ఊళ్లో రేడియో పెడుతుందట అక్కా" అని మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వేదైనా తలకెత్తుకున్నప్పుడే నా బిడ్డవి అవుతావు దానికి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రెండుసార్లు లేచి మంచినీళ్లు తాగాను.

ఊరివాళ్లే నడుపుకునే కమ్యూనిటీ రేడియో కదా, దాన్ని పెట్టే మీ సొసైటీ రిజిస్టరై 3 ఏళ్లు నిండాయో లేదో ముందు చూసుకో, లేకపోతే దరఖాస్తే పెట్టలేవు. సొంతంగా వార్తలు చదవకూడదు, ఆకాశవాణివి ఉన్నవి ఉన్నట్టు వేయొచ్చు. ప్రసారం చేసిన ప్రతిదీ 3 నెలలు దాచాలి. పరీక్షలకీ పండగలకీ వాలంటీర్లు మాయమవుతారు, కాబట్టి స్టూడియో తాళంచెవులు నాలుగు చేయించు. టవర్ మాత్రం నువ్వు ఎక్కకు. మబ్బు పట్టినప్పుడు దాని దగ్గరికే పోకు.

2008లో జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత ఆడవాళ్లు సంఘం రేడియో మొదలుపెట్టారు. వాళ్లను చూసే నేనూ ఈ పిచ్చిలో పడ్డాను. రేడియోలోకి వచ్చిన కొత్తలోనే ఒక తప్పు చేశాను. మీ అమ్మకు కూడా చెప్పలేదు.

తాగుడు మీద కార్యక్రమం చేస్తున్నాం. ఒకామె చింతపండు కొడుతూ తన ఇంటి సంగతంతా చెప్పింది. పేరు చెప్పనన్నాను, చెప్పలేదు కూడా. ఊరి పేరు, పిల్లల పేర్లు అన్నీ కోసేశాను. కానీ మాటల మధ్య రాయి టక్ టక్ మంటుంటే, మధ్యమధ్యలో ఆమె పొడిదగ్గు వస్తుంటే వినడానికి ఎంతో బాగుందనిపించి ఉంచేశాను. మన రేడియో వినిపించేది పది పదిహేను కిలోమీటర్లు. అంత దూరంలో ఆ దగ్గు ఎవరిదో తెలియని వాళ్లెవరు? మర్నాడు హోటల్లో ఆమె మొగుడి ముందే ఎవడో అచ్చం ఆమెలాగే దగ్గి చూపించాడట.

మూడో రోజు ఆమె వచ్చింది. నడి ఎండాకాలం, కొంగు భుజాల నిండా కప్పుకుని ఉంది. తిడుతుందనుకున్నాను. గుమ్మంలోనే నిలబడి, "ఆ మాట వాపసు తీసుకోవచ్చునా బిడ్డా?" అని అడిగింది. కూర్చోమన్నా కూర్చోలేదు. ఆమెకు ఏం చెప్పానో ఇప్పటికీ గుర్తు రాదు. ఏమీ చెప్పలేదేమో.

ఇది ఏ రూల్సులోనూ ఉండదు కాబట్టి నేను చెబుతున్నా. ఎవరి గొంతైనా రికార్డు చేసిన రోజే వేయకు. మర్నాడు వెళ్లి వాళ్ల చెవికే హెడ్‌ఫోన్లు పెట్టి మొత్తం వినిపించి, మళ్లీ అడుగు. వద్దంటే వాళ్ల ముందే చెరిపెయ్. చెప్పాల్సిన సంగతే అయితే మీలో ఒకరు మీ గొంతుతో చెప్పండి. "కానీ రికార్డింగ్ ఎంత బాగుందో పెద్దమ్మా" అంటావు చూడు, అప్పుడు ఉంటుంది నీకు నా చేతిలో.

ఆదివారం రా. నా పాత రికార్డర్ ఇస్తాను, బటన్ కాస్త గట్టిగా నొక్కాలి. నీకిష్టమని పచ్చిపులుసు చేస్తాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని చెయ్యి బయట పెట్టకు.

మీ పెద్దమ్మ