బరువు పోతుంది, ఆకర్షణ పోదు

ప్రశ్న: అంతరిక్ష కేంద్రంలో మనుషులు గాలిలో తేలుతుంటారు కదా, అక్కడ భూమ్యాకర్షణ ఉండదా? టీవీలో ‘జీరో గ్రావిటీ’ అంటే మా అబ్బాయి అదేంటని అడిగాడు. నేను చెప్పలేకపోయాను.
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: ఉంటుందమ్మా, దండిగా ఉంటుంది. ఆ కేంద్రం తిరిగేది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున. హైదరాబాద్ నుంచి బస్సెక్కితే విజయవాడ దాటాక కాసేపటికి వచ్చేంత దూరమే. అంత ఎత్తుకు నిచ్చెన వేసి, పై మెట్టు మీద కాటా పెట్టి నిలబడ్డామనుకోండి, ఇక్కడ 60 కిలోలు తూగే మనిషి అక్కడ 53 తూగుతాడు. ఏడు కిలోలు తగ్గినంత మాత్రాన ఎవరూ తేలరు.

తేలడానికి కారణం, వాళ్లు పడిపోతూ ఉండటం. కేంద్రమూ పడుతోంది, లోపలి మనిషీ పడుతున్నాడు, అతని కాళ్ల కింది కాటా కూడా పడుతోంది. కాటాను నొక్కేదెవరు? ముల్లు సున్నా దగ్గరే ఉంటుంది.

కాలేజీలో పాఠం చెప్పే రోజుల్లో దీన్ని ప్లాస్టిక్ సీసాతో చూపించేవాణ్ణి. దబ్బనం కాల్చి అడుగు దగ్గర చిల్లు పొడిచి, నీళ్లు నింపి, మేడ పిట్టగోడ మీంచి చెయ్యి బయటికి చాపి పట్టుకుంటే సన్నటి ధార కారుతుంది. వదిలెయ్యండి. నేలను తాకేదాకా ధార ఆగిపోతుంది! నీళ్లూ సీసా ఒకే వేగంతో పడుతుంటే ఒకదాన్నొకటి తోసుకోవు మరి. మొదటిసారి చేసినప్పుడు మూత తీయడం మర్చిపోయాను. గాలి లోపలికి పోక ధార ముందే ఆగిపోయింది. కింద నుంచి పిల్లలు, ‘సార్, మీరు వదలకముందే ఆగిందండీ’ అని ఒకటే నవ్వు. మీరు మూత తీసి చేయండి, కింద ఎవరూ లేకుండా చూసుకోండి.

మరి పడేది నేలకెందుకు తగలదని మీవాడు తప్పక అడుగుతాడు. సెకనుకు దాదాపు 7.7 కిలోమీటర్లు పక్కకు పోతూ, అదే సెకనులో 4.3 మీటర్లు కిందికి పడుతుంది. భూమి గుండ్రన కదా, అంత దూరంలో నేల కూడా అంతే కిందికి వంగిపోతుంది.

ప్రశ్న: సాపేక్ష సిద్ధాంతం మార్కులకు తప్ప దేనికైనా పనికొస్తుందా మాస్టారూ?
– డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

జవాబు: నీ ఫోన్లో దారి చూపించే మ్యాపు ఉందిగా నాయనా! పైన చెప్పిన పడిపోయే మనిషి సంగతే ఇది. పడేవాడికి తన బరువు తెలియదన్న ఊహ 1907లో బెర్న్ పేటెంటు ఆఫీసులో కూర్చున్న ఐన్‌స్టీన్‌కు తట్టింది. దాన్ని పట్టుకుని పోతే, ఆకర్షణ తగ్గిన చోట గడియారం త్వరగా నడుస్తుందని అతని సాపేక్ష సిద్ధాంతం తేల్చింది.

నువ్వెక్కడున్నావో మ్యాపు లెక్కకట్టేది జీపీఎస్ ఉపగ్రహాల్లోని గడియారాలు పంపే సమయాన్ని బట్టే. ఆ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. ఎత్తు వల్ల వాటి గడియారాలు రోజుకు 45 మైక్రోసెకన్లు (సెకనులో పది లక్షల వంతు ఒక మైక్రోసెకను) ముందుకు పోతాయి, వేగం వల్ల 7 వెనకబడతాయి. మిగిలిన 38ని దిద్దకపోతే ఒక్క రోజులోనే పది కిలోమీటర్ల దాకా లెక్క తప్పుతుంది. నమ్మని ఇంజినీర్లూ ఉండేవారు. అందుకే 1977లో పంపిన ప్రయోగ ఉపగ్రహంలో సవరణ మీట పెట్టి కూడా, నొక్కకుండా దాదాపు ఇరవై రోజులు చూశారు. లెక్క చెప్పినంతగానే, ఇంచుమించుగా, గడియారం ముందుకు పరిగెత్తింది. అప్పుడు నొక్కారు మీట.