వాగ్దాన కార్డు ఒక్కోసారి ఒక్కోలా వస్తుంటే

ఆక్వా చెరువు లీజు పొడిగించాలా, కువైట్ వెళ్లాలా అని వాగ్దాన కార్డు (బైబిలు వచనం రాసి ఉండే చీటీ) తీస్తే ఒక్కోసారి ఒక్కో వచనం వస్తోందని అడిగారు. ఆ విషయం తేల్చడం కార్డు వల్ల కాదండి. దాని మీద వచనం ఉంటుంది, సందర్భం ఉండదు.

1. మీకు వచ్చిన యిర్మీయా 29:11 (మీ మేలు కోరే ఉద్దేశాలే నాకున్నాయని దేవుడు చెప్పే వచనం) ఒక్కటే కాదు, అధ్యాయం మొదటినుంచీ చదవండి. చాలామంది వదిలేసేది ఇదే. అది బబులోనుకి బందీలుగా తీసుకుపోబడి చెరలో ఉన్న యూదులకి యిర్మీయా ప్రవక్త పంపిన ఉత్తరం. 5వ వచనంలో దేవుడు వాళ్లని అక్కడే ఇళ్లు కట్టుకోమన్నాడు, తోటలు నాటుకోమన్నాడు. 10వ వచనంలో తిరిగి రావడం 70 ఏళ్ల తర్వాతే అన్నాడు. తొందర విడుదల మాట కాదు, కనిపెట్టుకుని నమ్మకంగా బతకమన్న మాట. అలాగని ‘కువైట్ వద్దు’ అనీ చదవకండి.

2. లూకా 14:28 చెప్పినట్టు లెక్క వేయండి: లీజు, సీడు (చెరువులో వదిలే పిల్లలు), మేత, కరెంటు ఒకవైపు, వీసా, అప్పు వడ్డీ ఇంకోవైపు. ఇది అవిశ్వాసం కాదు.

3. ఇంట్లోవాళ్లనీ సంఘపెద్దనీ అడగండి (సామెతలు 11:14).

ప్రార్థనలో గుర్తు కాదు, జ్ఞానం అడగండి. యాకోబు 1:5 మాటిచ్చింది దానికే.